ఐలిఫ్‌కు చెప్పవలసిన మాట

మా దీవిలో చదువు పెద్దగా అబ్బని ఆడపిల్లలకు రెండు దారులుండేవి. ఒకటి చేపల ఫ్యాక్టరీ, రెండోది హైస్కూల్లో చిన్నపిల్లల సంరక్షణ కోర్సు. యోరిద్ రెండోదాంట్లో చేరింది. పిల్లలంటే ప్రేమ ఉండి కాదు. వాళ్ళమ్మ ఓద్‌నీ ఆ ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసీ కోసీ వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. "నువ్వు మాత్రం ఆ చల్లటి గదిలోకి రాకు" అని కూతురికి గట్టిగా చెప్పింది.

అన్న స్టూర్లాకు మాత్రం ఆ కోర్సు పేరు వింటేనే నవ్వు.

"ముక్కులు తుడవడానికి హైస్కూలు చదువెందుకే? నా ముక్కు తుడువు, సర్టిఫికెట్టు నేనే ఇస్తా" అనేవాడు.

"నీ ముక్కు తుడవాలంటే దుప్పటి కావాలి" అనేది యోరిద్.

తండ్రి లేని ఇల్లు. ఆ ఇంట్లో నవ్వంటూ వినపడితే అది స్టూర్లా వల్లే. అతను హాల్వర్ అనే ఆయన పడవ మీద పనిచేసేవాడు. చిన్న పడవ, అందులో ఉండేది వాళ్ళిద్దరే. హాల్వర్ కొడుకు ఐలిఫ్ ఐదేళ్ళవాడు, మా బాలవాడికే వచ్చేవాడు. నేను అక్కడ వంటా, బట్టలుతుకుడూ చూసేదాన్ని కాబట్టి తరవాత జరిగినదంతా దగ్గరనుంచి చూశాను.

హైస్కూలు పిల్లలు వారంలో కొన్ని రోజులు మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చేవారు. నేర్పేది మా బాలవాడి పెద్ద బోర్గ్‌హిల్డ్. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచేది కాదు గానీ ఆ పిల్లలకు ఆవిడంటే హడలు.

యోరిద్ మొదటిసారి కథ చెప్పడానికి కూర్చున్నప్పుడు పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆటలకు పోయారు. చివరికి ఐలిఫ్ ఒక్కడే మిగిలాడు.

"నువ్వొక్కడివైనా వింటున్నావు" అంది యోరిద్ సంబరంగా.

"నా బూటు నీ కాలికింద ఇరుక్కుంది" అన్నాడు వాడు.

బయటికి తీసుకెళ్ళాలంటే ఒక్కొక్కరికీ ఉన్ని బట్టలు, వాటిమీద మంచుకోటు, టోపీ, చేతితొడుగులు వేసి తలుపు దగ్గర నిలబెట్టాలి. అందరినీ నిలబెట్టేసరికి ఎవడో ఒకడికి ఉచ్చ వచ్చేది. యోరిద్‌కు మొదట్లో ఏడుపొచ్చేది. శీతాకాలం వచ్చేసరికి చేతులు వాటంతటవే పనిచేయసాగాయి. ఐలిఫ్ ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా బూట్లు తొడిగించుకునేవాడు కాదు. "మా నాన్న పడవలో స్టూర్లా చెల్లెలు" అని వాడు ఆమెను అందరికీ చెప్పుకునేవాడు, ఆమె కూడా ఆ పడవలోనే పుట్టినట్టు.

"వాడితో మాట్లాడేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చో. పైనుంచి మాట్లాడితే వాడికి నీ ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి" అని బోర్గ్‌హిల్డ్ నేర్పింది. పిల్లలకు అబద్ధం చెప్పకూడదనీ నేర్పింది. హైస్కూలు అమ్మాయిలు తలలూపారు. అంతకంటే సులువైన పాఠం లేదనుకున్నారు.

ఫిబ్రవరిలో కాడ్ చేప తీరానికి వచ్చే రోజులు. ఆ ఉదయం గాలి వాలకం బాగాలేదని మిగతా పడవలు రేవులోనే ఉండిపోయాయి. హాల్వర్ బయల్దేరాడు. స్టూర్లా వెంట వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి మంచును అడ్డంగా విసరసాగింది. హెలికాప్టర్ వచ్చిందిగానీ చీకటిపడేదాకా వెతికినా ఏమీ కనపడలేదు. మర్నాడు పడవ బోర్లాపడి కనిపించింది. స్టూర్లా దక్షిణం వైపు బండల్లో దొరికాడు. హాల్వర్ దొరకలేదు.

శవాన్ని చూడటం తనవల్ల కాదంది ఓద్‌నీ. గుర్తుపట్టడానికి యోరిద్ వెళ్ళింది. అక్కడ ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. "అవును" అని ఒక్క మాట పలికి బయటికి వచ్చేసిందని వెంట వెళ్ళిన పాస్టర్ తరవాత నాతో అన్నాడు.

అంత్యక్రియలైన వారమే ఆమె బాలవాడికి వచ్చింది. బోర్గ్‌హిల్డ్ గుమ్మంలోనే ఆపింది.

"నువ్వు రానక్కర్లేదమ్మా. స్కూలువాళ్ళతో నేను మాట్లాడాను."

"ఇంట్లో అమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఇక్కడైతే ఏదో ఒక బూటు తొడగొచ్చు" అంది యోరిద్.

ఐలిఫ్ తల్లి పేరు మారెన్. భర్త శవం దొరకలేదు కాబట్టి ఆమె ఆశ వదులుకోలేదు. కొడుక్కి, నాన్న చాలా దూరం వేటకు వెళ్ళాడని చెప్పింది. మా అందరినీ పిలిచి, "వాడి దగ్గర ఎవరూ నోరెత్తొద్దు. నా కొడుక్కి ఏం చెప్పాలో నాకు తెలుసు" అంది. ఎవరం ఎదురు చెప్పలేదు.

వాడు రోజూ కంచె దగ్గర నిలబడి రేవువైపు చూసేవాడు. ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె సగం తిని, సగం నాన్నకని మంచుకోటు జేబులో దాచేవాడు. బట్టలుతికేటప్పుడు నా చేతికి తడిసి ముద్దయిన రొట్టె, జున్ను తగిలేవి. ఎప్పుడో మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలైందట.

ఒకరోజు పెరట్లో ఇంకో పిల్లవాడు వాడితో, "మీ నాన్న చచ్చిపోయాడు. మా అమ్మ చెప్పింది" అన్నాడు. ఐలిఫ్ వాణ్ణి మంచులోకి తోసి మీదపడి కొరికాడు. యోరిద్ పరుగెత్తి ఇద్దర్నీ విడదీసింది. ఐలిఫ్ వగరుస్తూ ఆమె కోటు పట్టుకున్నాడు.

"వీడు అబద్ధం చెప్తున్నాడు కదా? నువ్వు చెప్పు. అబద్ధమే కదా?"

కిటికీలోంచి నాకు ఆమె మొహం కనిపించింది. అంత చలిలోనూ చెమట పట్టినట్టుంది.

"అబద్ధమే" అంది యోరిద్.

వాడి మొహం విప్పారింది. "అబద్ధమంట! యోరిద్ చెప్పింది!" అని పెరడంతా తిరిగి చాటాడు. ఆ రోజు రొట్టె మొత్తం తిన్నాడు.

పిల్లలు వెళ్ళిపోయాక బోర్గ్‌హిల్డ్ ఆమెను బట్టలు తగిలించే గదిలోకి పిలిచింది. నేను చేతితొడుగులు ఆరవేస్తున్నాను, నన్ను వెళ్ళమనలేదు.

"ఎందుకలా చెప్పావు?"

"వాళ్ళమ్మే చెప్పొద్దంది కదా!"

"నిజం చెప్పొద్దంది. అబద్ధం చెప్పమనలేదు. 'అమ్మనడుగుదాం పద' అనుండాల్సింది. ఇప్పటిదాకా వాడు అమ్మ మాట మీద ఎదురుచూశాడు. ఇకనుంచి నీ మాట మీద ఎదురుచూస్తాడు."

యోరిద్ బల్లమీద కూలబడింది. "నా నోటికి ఆ మాట రాదు. మా అమ్మతో కూడా ఇంతవరకూ అనలేదు. స్టూర్లా... అని ఆగిపోతాను."

బోర్గ్‌హిల్డ్ ఆమె పక్కన కూర్చుంది. "మారెన్ దగ్గరికి నేను వెళ్తాలే" అంది.

"వద్దు. నేనే వెళ్తాను. శవాన్ని చూసిందాన్ని నేను."

ఆ సాయంత్రమే వెళ్ళింది. అక్కడ జరిగింది తరవాత తనే నాకు చెప్పింది. మారెన్ లోపలికి రమ్మంది, కాఫీ పోసింది. విషయం వినగానే కప్పు పక్కకు నెట్టేసింది.

"రేపు ఎక్కడో ఒకచోట బతికే దొరికితే? వాడికి నాన్న చచ్చాడని చెప్పిందాన్నవుతాను కదా!"

"స్టూర్లాను నేను చూశాను మారెన్. ఆ నీళ్ళలో ఎవరూ బతకరు."

"మీవాడు చిన్నవాడు. హాల్వర్‌కు సముద్రం తెలుసు."

"తెలిసే వెళ్ళాడు కదా ఆ రోజు" అంది యోరిద్. అనాలని వచ్చిన మాట కాదు, నోరుజారింది.

మారెన్ లేచి తలుపు తీసింది. "అదీ సంగతి. మీ అమ్మ పంపిందా నిన్ను? బయటికి పో."

ఇంటికి వస్తే ఓద్‌నీ గుమ్మంలోనే ఉంది. దీవిలో ఎవరు ఎవరి గడప తొక్కారన్నది మనిషికంటే ముందే ఇల్లు చేరుతుంది.

"వాడింటికి వెళ్ళావా? నా కొడుకును ముంచినవాడి ఇంటికి?"

"పిల్లవాడి కోసం వెళ్ళానమ్మా."

"నాకూ ఉన్నాడొక పిల్లవాడు, చర్చి వెనక" అని ఓద్‌నీ తలుపేసుకుంది. ఆ తరవాత ఎండాకాలం దాకా కూతురితో మాట్లాడలేదు. వండి బల్లమీద పెట్టేది, తన గదిలోకి పోయేది.

మారెన్ రెండుమూడు రోజులు కొడుకును పంపలేదు. తరవాత ఒక ఉదయం వాడి చెయ్యి పట్టుకుని తనే వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. రాత్రి వాడు రేవుకు వెళ్తానని చెప్పుల్లేకుండా మంచులోకి పోయాడట. అడిగితే, "యోరిద్ బతికున్నాడంది" అన్నాడట.

"మీరే చెప్పండి. నాకు నోరు రావట్లేదు" అంది బోర్గ్‌హిల్డ్‌తో.

"తల్లే చెప్పాలి. మేం పక్కనుంటాం."

చిన్న గదిలో పిల్లల కుర్చీల మీద కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఎవరూ లోపలికి రాకుండా. మారెన్ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. మాట రాలేదు. యోరిద్ లేచి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఐలిఫ్, మీ నాన్న చనిపోయాడు. పడవ మునిగింది. ఆయన ఇక రాడు."

వాడు తల్లి మొహం చూశాడు. తల్లి తలూపింది.

"నువ్వు అబద్ధమన్నావుగా."

"అన్నాను. నేను చెప్పిందే అబద్ధం. నాకు భయమేసి అలా చెప్పాను."

"స్టూర్లా కూడానా?"

"స్టూర్లా కూడా చనిపోయాడు."

"నాన్నకు చలేస్తోందా?"

"లేదు. చనిపోయినవాళ్ళకు చలి వెయ్యదు. నొప్పి కూడా ఉండదు."

వాడు ఉన్నట్టుండి కాలితో ఆమె గుండెలమీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. మారెన్ ఆపబోతే బోర్గ్‌హిల్డ్ వద్దని చెయ్యెత్తింది. యోరిద్ కదలకుండా కూర్చుంది. అలిసిపోయాక వాడు తల్లి మెడలో మొహం దాచుకున్నాడు. కొంతసేపటికి తలెత్తి, మంచుబండి మీద జారడానికి వెళ్ళొచ్చా అని అడిగాడు.

బూట్లు తీసుకుని యోరిద్ వాడి దగ్గరికి వెళ్తే, "నువ్వు కాదు" అన్నాడు.

ఆ రోజు మొదలు వాడు ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఆమె కథ చెప్తే లేచిపోయేవాడు. నేనే బూట్లు తొడిగేదాన్ని. పక్కతడుపు ఆగింది, రొట్టె దాచడం మానేశాడు, రాత్రిళ్ళు నిద్రపోతున్నాడని మారెన్ చెప్పింది. యోరిద్‌ను మాత్రం క్షమించలేదు.

"వాడికి కోపం ఎవరిమీదో ఒకరిమీద ఉండాలి. సముద్రాన్ని తన్నలేడు కదా" అంది బోర్గ్‌హిల్డ్.

"ఎన్నాళ్ళు?" అంది యోరిద్.

"అది నాకు తెలియదమ్మా."

జూన్‌లో మారెన్ ఇల్లమ్మేసి దక్షిణాన అక్క ఉన్న ఊరికి కొడుకుతో వెళ్ళిపోయింది. ఫెర్రీ దగ్గరికి బాలవాడి వాళ్ళమందరం వెళ్ళాం. ఐలిఫ్ అందరికీ చెయ్యూపాడు. యోరిద్ వైపు చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. హాల్వర్ ఇప్పటికీ దొరకలేదు.

యోరిద్ చదువు ముగించి మా దగ్గరే శిక్షణకు చేరింది. శిక్షణ చివరి పరీక్షలో, ఇంట్లో చావు జరిగిన పిల్లవాడితో ఎలా మెలగాలని అడిగారట. వాళ్ళకు కావలసిన జవాబు ఆమెకు కంఠతా వచ్చు. నోరు మెదపలేక లేచి వచ్చేసింది. తప్పింది. తరవాతి ఏడాది మళ్ళీ పరీక్షకు వెళ్ళి గట్టెక్కింది. ఓద్‌నీ క్రమంగా మాట్లాడటం మొదలుపెట్టింది, పాలు అయిపోయాయనీ, వీధి దీపం వెలగడం లేదనీ. కొడుకు పేరు వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. తల్లి పోయాక యోరిద్ ఆ ఇంట్లో ఒక్కతే ఉంది.

బోర్గ్‌హిల్డ్ రిటైరైంది. ఇప్పుడు హైస్కూలు పిల్లలకు పని నేర్పేది యోరిదే. మొన్న చలికాలంలో ఒక పిల్ల తల్లి క్యాన్సర్‌తో పోయింది. శిక్షణకు వచ్చిన అబ్బాయి ఒకడు, పదిహేడేళ్ళవాడు, వంటింట్లోకి వచ్చి, "ఆ పిల్ల నన్నేదైనా అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు.

యోరిద్ రొట్టెలకు వెన్న రాస్తోంది. తలెత్తలేదు.

"చనిపోయింది అని చెప్పు. నిద్రపోయిందనకు, వెళ్ళిపోయిందనకు. చెప్పాక అక్కడే కూర్చో. నిన్ను కొట్టినా, మళ్ళీ నీ మొహం చూడకపోయినా లేవకు."

"చూడకపోతే?"

"చూడకపోతే చూడదు" అంది యోరిద్. రొట్టెల పళ్ళెం వాడి చేతికిచ్చి పిల్లల దగ్గరికి పంపింది.