నా చెయ్యి పైకెత్తిన రోజు

మా బాక్సింగ్ క్లబ్బుకు పక్క మండలం మంచాల నుంచి ఒకడు వచ్చేవాడు. నా ఈడువాడే. ఇబ్రహీంపట్నంలో ఇద్దరిదీ ఒకే డిగ్రీ కాలేజీ. వాళ్ల నాన్న సర్కారు బడిలో హిందీ టీచరు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. కొడుకు మనిషి పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టుండేది, ముందు భుజాలే కనిపించేవి. రింగులో వాడికి తెలిసిందల్లా ముందుకు నడవడం. గడ్డం రొమ్ముకు ఆనించి, గ్లౌజులు రెండూ చెంపలకు అదిమి, మొహం మీద దెబ్బలు పడుతున్నా ఆగకుండా వచ్చేవాడు. ఎదుటివాణ్ణి తాళ్ల దాకా, తాళ్ల వెంబడి మూల దాకా తరుముకుపోయి, అక్కడ నిలబెట్టి పక్కటెముకల మీద కొట్టేవాడు.

చూసేవాళ్లకు అందులో ఏ అందమూ కనిపించేది కాదు. "బర్రె లెక్క మీదికొస్తడు, గంతే" అనేవాళ్లు.

నేను పొడుగు. నా చేతులు ఇంకా పొడుగు. దూరం నుంచి ఎడమచేత్తో తాకి పక్కకు జారుకునేవాణ్ణి. క్లబ్బు కుర్రాళ్లు ఫోన్లలో వీడియోలు తీసుకునేది నన్నే. మూతపడ్డ రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డు మా క్లబ్బు. మధ్యాహ్నం ఎండకు రేకులు కాగి లోపల పొయ్యిలా ఉండేది. ఆ వేడిలో వాడితో తలపడితే ఎలా ఉంటుందో చూసేవాళ్లకు తెలియదు, నాకు తెలుసు. మొదటి రౌండులో వాణ్ణి చూసి నవ్వొచ్చేది. రెండో రౌండులో ఊపిరి అందేది కాదు. మూడో రౌండుకొచ్చేసరికి గంట ఎప్పుడు కొడతారా అని చెవులు అటే ఉండేవి.

ఒకసారి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ అడిగాడు.

"నిజం చెప్పు రా. నా ఆట గంత అధ్వానం ఉంటదా?"

"అందరికీ నచ్చే ఆట కాదు" అన్నాను.

"అందర్ని అడుగుతలేను. నిన్నడుగుతున్న."

చాయ్ వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ కూర్చున్నాను. నన్ను పొగిడే మాటల్లో సగం వాడిని తీసిపారేసే మాటలే. అవి నాకు బాగుండేవి మరి.

మేమిద్దరం వెల్టర్‌వెయిట్ వాళ్లం. తేలికవాళ్ల చురుకూ, బరువువాళ్ల దెబ్బా రెండూ కావలసిన తరగతి అది. జిల్లా నుంచి ఒక్కో బరువుకు ఒక్కడే రాష్ట్ర పోటీలకు వెళ్తాడు, రెండోవాడు రిజర్వుగా వెంట ఉంటాడు. ఆ ఏడు ఎంపిక పోటీలు సాగర్ రోడ్డు మీద మా మేనమామ ఫంక్షన్ హాల్లో జరిగాయి. మామ హాలు ఊరికే ఇచ్చాడు. ముందురోజు పెళ్లి జరిగిందేమో, స్టేజీ మీద పూలు ఇంకా వాడలేదు. కొంగరకలాన్ వైపు మా భూములు ప్లాట్లయి డబ్బొచ్చిన దగ్గర్నుంచి మా వాళ్లను అందరూ ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు. ఆరోజు కూడా మామా, మేం బాపు అనే మా నాన్నా న్యాయనిర్ణేతల పక్కనే ఎర్ర మఖమలు కుర్చీల్లో కూర్చున్నారు.

ఫైనల్లో వాడూ నేనూ.

మొదటి రౌండు నాదే, అందులో అనుమానం లేదు. రెండో రౌండు మధ్యలో వాడు లోపలికొచ్చేశాడు. నా ఎడమచెయ్యి వాడి నుదుటికి తగులుతూనే ఉంది, వాడు వస్తూనే ఉన్నాడు. పక్కటెముకల కింద ఒక దెబ్బ పడింది. కాళ్లలో బలం ఎవరో తోడేసినట్టయింది. మూడో రౌండంతా నేను బాక్సింగ్ చేయలేదు, వాణ్ణి పట్టుకుని వేలాడాను. రెఫరీ ఆట ఆపి నా మొహం ముందు వేళ్లు చూపిస్తూ లెక్కపెట్టాడు. మా వాళ్ల కేకలు ఆగిపోయాయి.

గంట కొట్టాక వాడు నన్ను వాటేసుకుని, "మస్తు ఆడినవ్ రా" అన్నాడు. గెలిచినవాడు ఓడినవాడితో అనే మాట అది. నేనూ అలాగే తీసుకున్నాను.

రెఫరీ ఇద్దరి మణికట్లూ పట్టుకుని నిలబడ్డాడు. మైకులో పేరు వినబడింది. పైకి లేచింది నా చెయ్యి.

ఆ చెయ్యి నాది కానట్టు అనిపించింది. పక్కన వాడు ఒక్కక్షణం రెఫరీ మొహంలోకి చూశాడు, పొరపాటేమో సరిచేస్తాడని చూసినట్టు. తర్వాత తలొంచుకుని తాళ్ల కిందుగా దిగిపోయాడు. వెనక వరసలో వాళ్ల నాన్న లేచి, కొడుకు టవలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కేక వేయలేదు, ఎవరినీ అడగలేదు. అడిగినా ఏమవుతుందో ఆయనకు తెలుసన్నట్టుంది ఆ నిలబడటం. మామ రింగులోకి వచ్చి నా మెడలో దండ వేశాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పి ఉండరనే ఇప్పటికీ అనుకుంటాను. హాలు మాది, కుర్చీలు మావి. వేరే చెప్పాల్సిందేముంది?

ఇంట్లో యాట కోశారు. బస్టాండు చౌరస్తాలో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి పోవలసి వస్తుందని కాలేజీకి వెనక గల్లీ నుంచి వెళ్లేవాణ్ణి. అమ్మ నా చొక్కా విప్పించి నడుము పక్కన కమిలిన చోట నూనె రాస్తూ, "గెల్చినోని ఒళ్లు గిట్లుంటదా, కొడుకా?" అంది. మామూలుగానే అడిగింది. నేను చొక్కా అందుకున్నాను.

క్లబ్బులో మా కోచ్ సార్‌ను పక్కకు పిలిచి చెప్పాను.

"సార్, నేను ఓడిపోయిన."

"కాయితం మీద గెల్చినవ్. ఊకో."

"వాడే గెల్చిండు సార్. మీరు చూసిండ్రు."

సార్ ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. "గీ మాట బయట అనకు. హాలిచ్చినోళ్ల ఇజ్జత్ పోతది. అయినా వానికి మీదికి వోవుడు తప్ప ఏమొస్తది? రాష్ట్రంల నడవదది."

"నడుస్తది సార్. మన బరువుల అందరు నా అసొంటోళ్లే. ఒక్కనికి గూడ మూడో రౌండుకు కాళ్లు ఉండయి."

"నువ్వు చెప్తె నేర్చుకుంటనా? పో, స్కిప్పింగ్ తాడు పట్టు."

వెళ్లి తాడు పట్టాను. అవతల వాడు పంచింగ్ సంచీ మీద కొడుతున్నాడు. నాతో మాట్లాడటం మానలేదు, పోటీ ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ మర్యాద నన్ను ఇంకా చిన్నబుచ్చేది.

రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ వెళ్లాం. తూకం రోజు పొద్దున, మిగతావాళ్లు నాలుక తడుపుకోవడానికి కూడా భయపడుతుంటే, నేను వీధి చివరి బండి దగ్గర కడుపుకు పట్టినన్ని ఇడ్లీలు తిని, పైన నీళ్లు తాగాను. అప్పటికి అదొక గొప్ప ఉపాయంలా తోచింది. తూనిక మీద నిలబడితే ముల్లు గీత దాటింది. సార్ మొహం నల్లబడింది. ఇంకో అవకాశం ఉందన్నారు. నాకు ప్లాస్టిక్ జాకెట్ తొడిగి మెట్ల మీద పరుగెత్తించారు. నేను పరుగెత్తినట్టు నటించాను. వెంట పరుగెత్తుతూ, "ఉమ్ము రా, ఉమ్ముతే జర తగ్గుతది" అని ధైర్యం చెప్పింది వాడే. తన జాగా కోసం కాక నా జాగా కోసం చెమటోడుస్తున్నాడు. అప్పుడు అనిపించింది, నేను చేస్తున్నది అనుకున్నంత మంచి పని కాదని. ఆగి నిజం చెప్పే ధైర్యం రాలేదు.

రెండోసారీ ముల్లు దాటింది. "కొవ్వు పట్టి కొట్టుకుంటున్నవ్" అన్నాడు సార్, అన్ని జిల్లాలవాళ్ల ముందు. రిజర్వును తూచమని అధికారుల్ని బతిమాలాడు. వాడు సరిగ్గా తూగాడు.

ఆ పోటీలు నేను గ్యాలరీలోంచి చూశాను. మొదటి ఆటలో వాడు తాళ్ల దగ్గర కొడుతుంటే జనం నవ్వారు. రెండో ఆటలో, పతకం ఖాయమని అందరూ అనుకుంటున్న కుర్రాడు మూడో రౌండుకు నోరు తెరిచి, వెన్ను చూపించి మూలలో ఆగిపోయాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సెమీఫైనల్లో కనుబొమ్మ చిట్లి, రక్తం కంట్లోకి కారుతుంటే డాక్టర్ ఆట ఆపేశాడు. కాంస్యం వచ్చింది. ఒక ప్రభుత్వ జట్టు కోచ్ వాడి నంబర్ రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్‌లో షేర్ ఆటో ఎక్కాం. తుర్కయాంజాల్లో మిగతావాళ్లు దిగిపోయాక, కంటి మీద కట్టుతో నా వైపు తిరిగాడు.

"ఇడ్లీ బండోడు చెప్పిండు. మీ దోస్తు మస్తు తిన్నడన్నడు. కావాలని తిన్నవ్ గదా?"

"అవ్."

"ఎందుకు?"

"నువ్వు గెల్చినవని."

వాడి గొంతు పెరగలేదు. "గా మాట హాల్లనే అనకపోతివి? దండ తీసి గాడనే అనాల్సింది. మామ ముంగట అననీకె సిగ్గయింది నీకు. కడుపు నింపుకునుడు అల్కగయింది."

"నీకు జాగ రావాలని..."

"నీ జాగ ఇచ్చినవ్. నా గెలుపు ఇయ్యలే. ఊర్ల ఏమంటున్నరో ఎర్కేనా? నిన్ననే ఫోన్ల తెల్సింది. అసలోడు బరువెక్కిండు, అందుకే వీడు పోయిండు అంటున్నరు. మా నాయిన గది విని ఊకున్నడు."

నేను ఇచ్చింది వాడికి భిక్షలా చేరిందని అప్పటిదాకా తట్టలేదు. తూనిక మీద అంతమంది ముందు తలొంచుకున్నది ఆ ఆటోలో పడ్డ సిగ్గు ముందు ఏపాటిది?

కొన్నాళ్లకు మామ కూతురి పుట్టినరోజుకు అదే హాల్లో భోజనాలు. బంతిలో మామ ఎవరికో చెబుతున్నాడు: "మా అల్లుడు గీడనే జిల్లా కొట్టిండు. బరువు ఎక్కువైందిగని, లేకుంటె స్టేట్ కొడుతుండె."

"లేదు మామా" అన్నాను. "గీడ నేను ఓడిపోయిన. మంచాలోడే గెల్చిండు. నా చెయ్యి ఉత్తగనే లేపిండ్రు. బరువు గూడ నేనే కావాలని పెంచిన."

వడ్డించేవాడు గరిటె పట్టుకుని ఆగిపోయాడు. మామ నవ్వబోయి మానేశాడు. "పోరనికి తలకాయ తిరిగింది" అన్నాడు చివరికి. బాపు విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. మామ ఆ తర్వాత చాలాకాలం మా ఇంటి గడప తొక్కలేదు. బాపు నాతో అవసరమైనంతే మాట్లాడేవాడు. నేను చెప్పినందుకు తేలిక పడలేదు. ఆలస్యంగా చెప్పిన నిజానికి అంత బలం ఉండదు.

ఆ మాట మంచాల దాకా చేరింది. వాడు ఫోన్ చేసి, "మా నాయినకు తెల్సింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు, పెట్టేయనూ లేదు.

వాడిప్పుడు ఆ ప్రభుత్వ జట్టులోనే ఉద్యోగం చేస్తూ ఆడుతున్నాడు. నేను బాక్సింగ్ మానేసి ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. ఈమధ్య జాతీయ పోటీల్లో వాడి ఆట ఫోన్లో వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. వ్యాఖ్యాత వాడి గురించి "నైపుణ్యం తక్కువ, మొండితనం ఎక్కువ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాడు అడుగు ఎక్కడ వేసి దారి మూస్తున్నాడో ఆయనకు కనిపించడం లేదు. కనుబొమ్మ మీది ఆ పాత గాయం మళ్లీ తెరుచుకోకపోతే, ఈ బరువులో వాడిని ఆపేవాళ్లు దేశంలో ఎక్కువమంది లేరని నా నమ్మకం.

బాపు వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. తెర మీద ఒక పొడుగు కుర్రాడు తాళ్లకు ఆనుకుని, వాణ్ణి పట్టుకుని వేలాడుతున్నాడు.

"నిన్ను గూడ గిట్లనే కొట్టిండా?" అని అడిగాడు.

"అవ్ బాపు."

బాపు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తెరకేసే చూస్తూ, "జర సౌండ్ పెంచు" అన్నాడు.