అచ్చు కాగితమా, స్టేషనరీయా?

మా ఆయన ఉద్యోగం ఏమిటని పుట్టింటివాళ్లు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. అరవైల నాటి మాట. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌ అనే రైల్వే కాలనీలో ఉంటూ రైల్వేలో పనిచేయని మగవాడు మా ఇళ్ల వరసలో ఆయనొక్కరే. మామగారు వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుకుని కూడా అందులోనే పెట్టాలని ఎంతో చూశారు. ఈయనకి నూనె మసి అంటే గిట్టదు. కలకత్తాలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరారు. ఓడల్లో వచ్చిన సరుకుని కస్టమ్స్ దాటించి సొంతదారుకి అప్పగించడం ఆ ఆఫీసు పని. తెల్లవారకుండా రైలెక్కి, దీపాలు పెట్టాక దిగేవారు.

ఇందులో నాకొచ్చిన కష్టం, రైల్వేవాళ్ల ఇంటివాళ్లకిచ్చే ఉచిత రైలు పాసు. మామగారికి పాసు ఉంది, అత్తగారికి ఉంది, పెళ్లికాని ఆడపడుచుకి ఉంది. మొగుడు రైల్వేవాడు కాదు కాబట్టి నాకు లేదు. వీధిలో ఆడవాళ్లందరూ పాసు రాయించుకుని పలాసకో శ్రీకాకుళానికో హాయిగా వెళ్లొచ్చేవాళ్లు. నేను టిక్కెట్టు కొనుక్కోవాలి. అంటే అత్తగారిని అడగాలి. అడిగేదాన్ని కాదు. రెండు గదుల క్వార్టర్. మా పడక వరండాలో, గోనె తెర వెనక. తెర వెనక ఒక మాట అనుకుంటే లోపల మామగారి దగ్గు వినిపించేది. గోడలు అదిరేలా పొద్దస్తమానం రైళ్లు పోతుంటే నేను ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి దులుపుకుంటూ ఉండేదాన్ని. ఏ మెయిలు కూత వినిపించినా చేతిలో పని ఆపి తలెత్తేదాన్ని. అదొక పిచ్చి.

పెళ్లైన రెండో ఏడు ఆ కాగితం వచ్చింది. ఏదో కంపెనీ, ఆఫీసుల్లో నకళ్లు తీసే సైక్లోస్టైల్ మిషన్లకి వాడే తెల్ల కాగితాన్ని విదేశం నుంచి తెప్పించింది. అది అచ్చు కాగితమని మా ఆయన కస్టమ్స్‌కి రాసి ఇచ్చారు. అధికారి ఒప్పుకోలేదు. కొయ్యని పెద్ద తావులైతే అచ్చు కాగితం, కొలతకి కోసి కట్టలు కట్టి తెస్తే స్టేషనరీ, కాబట్టి ఎక్కువ సుంకం కట్టమన్నాడు. మిషన్ వేసేది అచ్చే కదా అని వీళ్లు. కోసి తెచ్చారు కదా అని వాళ్లు. అప్పీలు పైకి వెళ్లింది, పెట్టెలు రేవు షెడ్డులో ఉండిపోయాయి.

"ఈ కేసు గెలిస్తే నన్ను ఇన్‌ఛార్జిని సేస్తానన్నాడు మా ఓనరు. ఆఫీసు మీద గది కూడా ఇస్తాడట. మనిద్దరమే ఉండొచ్చు," అన్నారాయన.

మనిద్దరమే. ఆ మాటకి సంతోషంతో నాకు అన్నం సహించలేదు. మర్నాడే ట్రంకుపెట్టెలో పుట్టింటివాళ్లిచ్చిన కొత్త గిన్నెలు, ఒక దుప్పటి, పోపుల డబ్బా సర్ది మంచం కిందకి తోశాను.

ఇక మా ఇల్లే కస్టమ్స్ ఆఫీసు అయిపోయింది. నమూనా కాగితం ఒకటి ఎప్పుడూ ఆయన సంచీలో ఉండేది. దీపానికి అడ్డంపెడితే దాని లోపల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ బొమ్మ చూపించి, ఇది ఏ కాగితమో చెప్పమని ప్రాణం తీసేవారు. అత్తగారినీ వదల్లేదు. ఆవిడ పాత పేపర్లతో ఠోంగాలు, అంటే కాగితం సంచులు, అంటించి గోల్‌బజారులో మరమరాల కొట్టుకి వేసేవారు.

"అమ్మా, దీన్ని ఏ కాగితం అంటావు?"

ఆవిడ పిండి చేతులతోనే పట్టుకు చూశారు. "మందంగా ఉన్నాది. ఠోంగాకి బాగుంటాది నాయనా," అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం పిండి మరక తుడుచుకుంటూ విసవిసా బయటికి పోయారు.

ఒక వానాకాలం పోయింది. కేసు ఏమైందంటే "నడుస్తున్నాది" అనేవారు. కేసు నడుస్తూనే ఉంది, నేను మాత్రం వరండా దాటలేదు. అద్దె గది చూద్దామంటే జీతం చాలదు, వేరే పని చూసుకోమంటే కేసు మధ్యలో వదలకూడదు. కలకత్తా ఎప్పుడు దీదీ అని పక్కింటి బెంగాలీ ఆమె గోడ మీంచి అడిగేది. కొన్నాళ్లకి నేను ఆ గోడవైపు వెళ్లడమే మానేశాను.

మరుసటి వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆయన సందేశ్ మిఠాయి పొట్లంతో వచ్చారు. "గెలిసినాం! అచ్చు కాగితమేనని రాసేసినారు!" అని గుమ్మంలోంచే కేక. నేను మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగి, దుమ్ము తుడిచి, గుమ్మం పక్కన పెట్టేశాను. ఆడపడుచు కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

వారం తిరక్కుండా అసలు సంగతి తెలిసింది. షెడ్డు కప్పు కారి కాగితమంతా నాని, కొంత ముద్దయిపోయింది, కొంత పసుపెక్కింది. పైగా షెడ్డు అద్దె కాగితం ఖరీదుని మించిపోయింది. కంపెనీ తనకొద్దు పొమ్మంది. రేవువాళ్లు దాన్ని చిత్తుకాగితం కింద వేలం వేశారు. ఇన్‌ఛార్జి మాట ఓనరు మళ్లీ ఎత్తలేదు. "ఇంకో కేసు ఉన్నాది, అది తేలిందంటే..." అని ఈయన మొదలుపెడితే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పెట్టెని మాత్రం గుమ్మం దగ్గరనుంచి కదపనివ్వలేదు.

చలికాలంలో అత్తగారు గోల్‌బజారు నుంచి కాగితాల కట్ట తెచ్చారు. పాత పేపర్లు కావు. తెల్ల కాగితం, అంచులు పసుపు.

"కూకో అమ్మా, నాలుగు అంటించు," అన్నారు.

పైది తీసి కిటికీ వెలుతురుకి పట్టాను. ఓడ బొమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. పిండి రాశాను, మడిచాను, అంటించాను. కట్ట అయ్యేదాకా లేవలేదు.

ఆయన రాగానే ఒక ఠోంగాలో మరమరాలు పోసి చేతిలో పెట్టాను.

"ఏటిది?"

"మీరు గెలిసిన కాగితం. తినండి."

గొడవపడతారనుకున్నాను. పడితే బాగుండేది, నాలుగు మాటలు అనేసి గుండెలో దిగమింగుకున్నదంతా కక్కేసేదాన్ని. ఆయన మెల్లగా మరమరాలన్నీ తిన్నారు. తర్వాత అంటించినచోట గోటితో విప్పి, కాగితాన్ని మోకాలి మీద చదును చేసి, దీపానికి పట్టారు.

"సూసినావా," అన్నారు. మొహం వెలిగిపోతోంది. "ఇంత తడిసినా బొమ్మ సెదరనేదు. ఇది అచ్చు కాగితమేనే!"

నన్ను ఆ ఇంట్లో పట్టి ఉంచింది కస్టమ్స్‌వాళ్లు కాదు, ఈయనేనని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. గుమ్మం పక్కనున్న పెట్టె తెరిచి, కొత్త గిన్నెలు తీసి వంటింట్లో బోర్లించాను. బయట మెయిలు కూసింది. నేను తలెత్తలేదు.