యూచిన్‌కి సాక్షి ఎవరు?

జోంగ్లీ ఊళ్ళో మా సెలూన్‌కి తల కడిగించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది యూచిన్ కబుర్ల కోసమే వచ్చేవాళ్ళు. నాది ఆమె పక్క కుర్చీ. ఎన్నికలు, అత్తాకోడళ్ళు, ఆడవాళ్ళ జీతాలు, దేని మీదైనా ఆమెకో అభిప్రాయం ఉండేది. అదీ అడక్కుండానే వచ్చేది. తమ్ముడు జేవెయ్ తన స్నేహితుడు అహావ్‌ని పెళ్ళాడతానన్నప్పుడు వాళ్ళమ్మ తలుపేసుకుని ఏడిస్తే, ఈవిడ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళి సాక్షి సంతకం పెట్టి, బయటికొచ్చి రోడ్డు మీద టపాకాయలు కాల్చింది.

అలాంటి మనిషి ముస్లిం అవుతానంటే నాకు నవ్వాగలేదు.

"ఊళ్ళో ఆడవాళ్ళంతా నీలాగే తల కప్పుకుంటే మనం ఏం తిని బతకాలే?" అన్నాను.

"కప్పుకున్నా జుట్టు పెరుగుతుందిలే అక్కా," అంది.

ఇదంతా నూడుల్స్‌తో మొదలైంది. మధ్యాహ్నం మేం తినేది వీధి చివర షా పెద్దమ్మ కొట్లో. వాళ్ళు తాతల నాటి నుంచీ ముస్లింలు. నమాజు వేళయితే ఆవిడ పులుసు కింద మంట తగ్గించి లోపలికి వెళ్ళిపోతుంది. ఎంత ఆకలేసినా గోడకేసి చూస్తూ కూర్చోవాల్సిందే. ఒకరోజు యూచిన్ తెర సందులోంచి చూసింది. పోలీసులనైనా కసిరే ముసలావిడ నేలకి నుదురు ఆనించి ఉంది.

"ఆ నెమ్మది నాక్కావాలక్కా," అంది ఆ రోజు.

ఏడాది తిరక్కుండా పంది మాంసం మానేసింది. తర్వాత ఖురాన్ సూరాలు బట్టీ పట్టి, గిరాకీల తలలు రుద్దుతూ వల్లించేది. ఇక మసీదులో సాక్షుల ముందు, మతంలో చేరే మాట, కలిమా చదవడమే మిగిలింది. సాక్షుల్లో ఒకరు షా పెద్దమ్మే కావాలంది.

"తమ్ముడి సంగతి ఎత్తకు, ఎవరడిగారని?" అన్నారు మసీదులో పరిచయమైన ఆడవాళ్ళు. నేనూ అదే చెప్పాను. వింటేగా! నేరుగా కొట్టుకెళ్ళింది.

"పెద్దమ్మా, మా తమ్ముడు ఇంకో అబ్బాయిని పెళ్ళాడాడు, దానికి నేనే సాక్షిని. ఆ సంతకం తప్పని నేననను. ఇప్పుడే కాదు, ఎప్పుడూ. ఇది దాచి మీ పక్కన నిలబడలేను."

షా పెద్దమ్మ గిన్నె ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ వారమంతా మాకు నూడుల్స్ వచ్చాయి గానీ మాట రాలేదు. సెలూన్లో యూచిన్ కూడా నోరు కట్టేసుకుంది. నాకైతే ఆ ముసలావిడ మీద ఒళ్ళు మండిపోయింది. ఉండబట్టలేక జేవెయ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను.

ఆదివారం మేం తింటుండగా అతను అహావ్‌ని వెంటబెట్టుకుని, పెద్ద డబ్బాతో కొట్లోకి దిగాడు.

"పెద్దమ్మా, మా మూలంగా అక్కని ఆపకండి. ఆ రోజు మేం మసీదు ఛాయలకి కూడా రాం," అని డబ్బా మూత తీశాడు.

లోపల తళతళలాడే పంది కాలు. గిట్టలతో సహా.

కొట్లో అందరూ కొయ్యబారిపోయారు.

"శాకాహారమే పెద్దమ్మా! సోయాతో చేసింది!" అహావ్‌కి చెమటలు పట్టేశాయి. "మీరు పంది తినరు కదా అని, గుడి దగ్గర శాకాహారం కొట్లో చెప్పి మరీ చేయించాం!"

యూచిన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. షా పెద్దమ్మ వంగి ఆ గిట్టల వంక చూసింది.

"మీ పెళ్ళిని నేను ఒప్పుకోను," అంది అబ్బాయిలతో. "నాకు తెలిసిన ధర్మంలో అది లేదు. ఈ వయసులో నేను మారను. కానీ మీ అక్క నోరు మూసుకుంటే పనైపోయేది. మూసుకోలేదు. అబద్ధమాడని మనిషి పక్కన నేను కాక ఇంకెవరు నిలబడతారు? శుక్రవారం కలిమాకి వస్తాను."

యూచిన్ చేతులు దించింది. "మరి వీళ్ళు?"

"వీళ్ళని మసీదు వాకిట్లో వదిలేసి నువ్వు లోపలికొస్తావా?"

"రాను."

"తెలిసిందేగా. వాళ్ళనీ రమ్మను."

ఆవిడ గుడ్డ తీసి మా బల్ల తుడిచింది. అబ్బాయిలకి చోటు చేయమని నన్ను భుజం పట్టి పక్కకు జరిపింది.

"ఆ కాలు బయట పెట్టి రండి. చిన్న గిన్నెలా, పెద్ద గిన్నెలా?"

అహావ్ ఏడుస్తున్నాడు. జేవెయ్యే చెప్పాడు, "పెద్దవే పెద్దమ్మా."