నేను చెరిపేసిన గల్లీ

కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు భయమనేదే ఉండదు. అప్పుడూ లేదు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసిన వాళ్లంతా హైటెక్ సిటీ దారి పడితే, నేను సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో గుండెకు మ్యాపు గీసే ఉద్యోగంలో చేరాను. మధురానగర్ హాస్టల్లో "అదేం ఉద్యోగమే తల్లీ" అని ఏడిపించేవాళ్లు. ఏడిపించుకోనీ అనుకునేదాన్ని.

ఆ పేషెంటు ఆర్టీసీ డ్రైవరు. ఏడాది కింద గుండెపోటు వచ్చింది. అప్పటి నుంచి గుండె ఉన్నట్టుండి దౌడు తీస్తోంది, మనిషి స్పృహ తప్పి పడిపోతున్నాడు. ఆ దౌడు మళ్లీ వస్తే ప్రాణానికే ముప్పు. ముందురోజు వార్డులో ఆయనకు నేనే వివరించాను: చచ్చిపోయిన కండ మధ్య సన్నటి దారేదో బతికి ఉంది, కరెంటు అందులోంచి గుండ్రంగా తిరుగుతోంది, దాన్ని వెతికి కాల్చేస్తాం.

"పంజాగుట్ట జామైతే లోపలి గల్లీలకెళ్లి పోయినట్టు. సమజైంది బిడ్డా. జర మంచిగ చూడు."

"నేనున్నాగా బాబాయ్ గారూ!" అన్నాను.

మర్నాడు డాక్టరుగారు తొడ దగ్గరి నరంలోంచి పంపిన తీగను గుండె లోపల ఒక్కో చోట తాకిస్తుంటే, అక్కడి సిగ్నల్ నా తెర మీద చుక్కగా పడుతోంది. చచ్చిన కండ ఎర్రటి మచ్చలా వచ్చింది. దాని మధ్య కొన్ని చుక్కల దగ్గర సిగ్నల్ పిసరంత గీతే, అదీ ఆలస్యంగా. అమీర్‌పేట చదువు ఊరుకుంటుందా? చెత్త డేటా తీసేయమని కదా నేర్పారు! టకటకా తీసేశాను. మ్యాపు అద్దంలా వచ్చింది. మురిసిపోయాను కూడా.

మచ్చ అంచున కాల్చారు. పరీక్షిస్తే ఆ దౌడు మళ్లీ వచ్చింది, షాకిచ్చి ఆపాల్సి వచ్చింది. డాక్టరుగారు నా తెర దగ్గరికొచ్చారు.

"ఏంటమ్మా, మచ్చ మధ్యలో ఒక్క సిగ్నలూ లేదా?"

"అంతా నాయిస్ సార్. తీసేశాను."

"తీసేశావా? బతికున్న ఆ సన్నటి దారి సిగ్నలే అంత నీరసంగా వస్తుంది. పొద్దుటి నుంచీ మనం వెతుకుతున్నది దాన్నే!"

తీసేసిన చుక్కలు కంప్యూటర్లో ఒక మూల ఉండిపోతాయి కాబట్టి సరిపోయింది. పదకొండింటినీ వెనక్కి తెచ్చాను. మచ్చలో ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా నిలబడ్డాయి. అక్కడ కాల్చాక గుండెను కరెంటుతో మూడుసార్లు రెచ్చగొట్టి చూశారు. దౌడు రాలేదు.

సాయంత్రం వార్డుకెళ్లి, ముందు నేనే చెరిపేశానని ఆయనకు చెప్పేశాను. దాచుకోవడం నావల్ల కాలేదు.

ఆయన షాకిచ్చిన చోట ఛాతీ తడుముకున్నాడు. "గీ మంట గందుకేనా?"

"అవును బాబాయ్ గారూ."

"మల్ల దొరికింది గదా?"

"దొరికింది."

"రేపు ఇంకొకల గుండె చూస్తవు గదా. ఆళ్లది తుడవకు బిడ్డా."

ఇన్నేళ్లలో మళ్లీ తుడవలేదు.