బావ పంపిన కబురు

నా భర్త నిఘా విభాగానికి పెద్ద అయిన ఏడాదే తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకుంది. ఆయనది కోస్తా. నాది నల్గొండ దగ్గర పల్లె. నా తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్చరరు, ఉద్యమంలో నిండా మునిగినవాడు. మా ఇంటికొస్తే బావతో క్రికెట్ తప్ప ఇంకేమీ మాట్లాడేవాడు కాదు. ఆయనా అడిగేవారు కాదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో ఇంకో రోజు ఉందనగా, మధ్యాహ్నం భోంచేసి చేయి కడుక్కుంటూ ఆయన నాతో అన్నారు: "మీ తమ్ముణ్ణి సాయంత్రం సరూర్‌నగర్ మీటింగుకి వెళ్ళనివ్వకు. ఫోన్లో చెప్పకు."

ఆయన ఇంట్లో ఆఫీసు మాట ఎత్తడం నేను విన్నది అదే మొదటిసారి. ఆటోలో తమ్ముడి ఇంటికి పోయాను. ఉన్నమాట చెబితే వాడు ఆగడు. అందుకే ఛాతీ పట్టుకుని కూర్చున్నాను.

"పాణం మంచిగ లేదురా. దవాఖానకు తీస్కపో."

వాడు భయపడిపోయాడు. సాయంత్రమంతా ఆసుపత్రి వరండాలో నా చేయి వదల్లేదు. ఆ సమయానికే సరూర్‌నగర్‌లో వాడి మిత్రులందరినీ పోలీసులు వ్యాన్ ఎక్కించారు.

మిత్రులు జైలు నుంచి వచ్చారు గానీ వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. పోలీసు బావ ఉన్న మనిషి ఆ ఒక్క సాయంత్రమే ఎందుకు రాలేదని అడిగారు. వాడొచ్చి నన్నడిగాడు. చెప్పేశాను.

"నా దోస్తులను పట్టుకపోతుంటే నేను నీ ఈసీజీ కాయితం పట్టుకొని కూసున్ననా అక్కా?"

అంతే అన్నాడు. తర్వాత నల్గొండకు బదిలీ చేయించుకున్నాడు.

కొన్నాళ్లకు మా ఆయన్ను ఒక చిన్న దేశానికి రాయబారిగా పంపారు. ఎవరి మనసులో ఏముందో మాట్లాడకుండానే పసిగట్టే అలవాటు అక్కడా బాగా పనికొచ్చింది. తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు అక్కడి తెలుగువాళ్లు సభ పెడితే ఆయనే దీపం వెలిగించి చక్కగా మాట్లాడారు. నేను పక్కకు పోయి తమ్ముడికి ఫోన్ చేశాను. ఫోన్లో అవతల పటాకుల మోత వినిపించింది.

"నువ్వు పోలేదా?"

"పేపర్లు దిద్దుతున్నక్కా."

ఆ మాట ఆయనతో చెప్పాను. కోటు గుండీలు విప్పుకుంటూ అన్నారు:

"వాణ్ణీ పట్టుకెళ్ళనిస్తే సరిపోయేది. కానీ నువ్వు నన్ను క్షమించేదానివా?"

నేను ఆ కోటు అందుకుని కొక్కేనికి తగిలించాను.

సెలవుకి వచ్చినప్పుడు సరూర్‌నగర్‌లో వాడి పాత మిత్రుడి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. జరిగిందంతా, నా దొంగనొప్పితో సహా చెప్పాను. ఆ మిత్రుడు చాయ్ చల్లారిపోయేదాకా విన్నాడు.

"నమ్ముత మేడం. గని గప్పుడే చెప్పుంటే ఎంత మంచిగుండు. మా వాళ్లల్ల సగం మందితోని ఇప్పుడు నాకే మాటల్లేవు. ఎవరికని చెప్పాలె?"

ఆ సంగతి తమ్ముడికి చెబితే సంతోషిస్తాడనుకున్నాను.

"నిన్నెవరు పొమ్మన్నరక్కా?" అన్నాడు. "ఈసారన్న నన్ను అడిగి పోవాలె కదా."