ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పే మాట

మా విశ్వవిద్యాలయపు జీవనపర్యంత విద్యా, ఆధ్యాత్మిక వికాస విభాగంలో చేరిన పెద్దలను గురించి వార్షిక సంచికకు వ్యాసాలు సిద్ధం చేయవలసిందిగా విభాగాధిపతి సిస్టర్ తబిత గారు ఆదేశించారు. మిగిలినవారి విషయంలో రాయడానికి వారు చేసిన ఉద్యోగాలు, పొందిన సత్కారాలు ఉన్నాయి. రత్తమ్మ గారికి అటువంటివేవీ లేవు. ఆమె చేపలమ్మి బతికిన మనిషి. అయినప్పటికీ ముందుగా ఆమెను గురించే రాయడం సముచితమని భావించాను. విభాగపు ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసే పని మీద నేను ఆ తరగతి గదిలోనే ఒక మూల కూర్చునేవాణ్ణి. సమాధుల పండుగ ఉదయం ప్రార్థనాలయంలో ఆమె కూర్చున్న బల్లకు రెండవ కొసన కూర్చున్నదీ నేనే.

రత్తమ్మ గారు మొగల్తూరుకు దిగువన సముద్రపు ఒడ్డున ఒక మత్స్యకారుల పాలెంలో పుట్టి, అదే పాలెంలో సత్తియ్య గారిని వివాహమాడారు. ఆయన చిన్న పడవ మీద వేటకు వెళ్లేవారు. ఆయన తెచ్చిన చేపలను గంపకెత్తుకుని ఈమె నరసాపురం వెళ్లి అమ్మి వచ్చేవారు. ఒక్కతే కూతురు, నాగదుర్గ.

ఆ పాలెంలో ఒక పద్ధతి ఉండేది. చలికాలపు పొగమంచులో పడవలు తిరిగి వచ్చే వేళకు ఆడవారు ఒడ్డున నిలబడి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టేవారు. భర్తను పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు గనుక పళ్లెమే పిలుపు. ఆ చప్పుడు విన్న మగవాడు తెడ్డు పిడితో పడవ అంచు మీద కొట్టి బదులు చెప్పేవాడు. ఏ పడవ దెబ్బ ఆ పడవదే. సత్తియ్య గారిది వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి మరొకటి. పడవ ఇసుకను తాకిన తరువాత కూడా ఆయన వెంటనే దిగేవారు కారు. సముద్రం మీద నుంచి వచ్చినవాణ్ణి ఒడ్డున ఉన్నవాళ్లు దిగమనాలి. ఆ మాట వినకుండా నేల మీద కాలు మోపితే ఇంటికి మంచిది కాదని వారి నమ్మకం. రత్తమ్మ గారు "దిగయ్యా" అన్న తరువాతనే ఆయన దిగేవారు.

ఒకనాటి పొగమంచులో ఆమె పళ్లెం కొడుతూ ఉండగా దూరం నుంచి రెండు దెబ్బలు, ఆగి మరొకటి వినిపించాయి. ఆమె మళ్లీ కొట్టారు. మళ్లీ బదులు వచ్చింది. ఆ తరువాత రాలేదు. మంచు విడిపోయి చూస్తే సముద్రం ఖాళీగా ఉంది. పడవ గాని, వల గాని, మనిషి గాని దొరకలేదు.

దొరకలేదు గనుక ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఎవరడిగినా "వేటకెళ్లారండి" అనే చెప్పేవారు. మనిషి దొరకని ఇంట ఆడవారు అలాగే చెబుతారు. మరిది వీరాస్వామి మాత్రం అన్నకు కర్మ చేయాలని పట్టుబట్టేవాడు. చేయకపోతే ఆ ప్రాణానికి దారి ఉండదని అతని బెంగ. ఆమె బెంగ వేరు. ఆయన ఎక్కడో బతికి ఉండి, ఈలోగా తాను కర్మకు ఒప్పుకుంటే, ఇంటికి వచ్చే దారి తన చేత్తో మూసినట్టు అవుతుంది. కొన్నేళ్ల పాటు ఆ ఇంట ఈ ఒక్క మాట మీదే అందరూ చిక్కుకుని ఉన్నారు.

తరువాత ఆమె రాజమహేంద్రవరంలో కూతురి ఇంటికి చేరారు. మనవరాలు సాయిదుర్గ మా దగ్గర డిగ్రీ చదువుతోంది. పెద్దల తరగతులకు ఏ మతం వారైనా రావచ్చునని తెలిసి, అక్షరాలు నేర్పిద్దామని అమ్మమ్మను వెంటబెట్టుకు వచ్చింది. చదువు, ఆరోగ్యం, ఫోన్ వాడకంతో పాటు వారానికి ఒక మధ్యాహ్నం మౌనధ్యానం కూడా ఉండేది.

చేర్చుకునే బల్ల దగ్గర విభాగపు గుమాస్తా ప్రసన్నకుమార్ కూర్చుని ఉన్నాడు. భార్యాభర్తలు కలిసి చేరడం మా దగ్గర మామూలే.

"మీవారు కూడా చేరతారాండీ?" అని అడిగాడు.

"ఆయన వేటకెళ్లారండి."

"వచ్చాక చేరతారా మరి?"

"వస్తే నా పక్కనే కూర్చుంటారండి" అన్నారు రత్తమ్మ గారు.

పేరేమిటని అతడు అడిగాడు. ఆమె చెప్పరు గనుక సాయిదుర్గ చెప్పింది. తాత లేడన్న మాట అమ్మమ్మ ఎదుట అనే అలవాటు ఆ ఇంట ఎవరికీ లేదు. ఆ విధంగా సత్తియ్య గారు కూడా మా తరగతిలో చేరినట్టు నమోదు అయింది.

మొదటి రోజు సిస్టర్ తబిత గారు హాజరు పిలిచారు. రత్తమ్మ గారు ఉన్నానండి అన్నారు. సిస్టర్ తరువాతి పేరు చదివారు.

"సత్తియ్య గారు."

రత్తమ్మ గారు చేతి గాజులను అదిమి పట్టుకున్నారు. గదిలో కొసన, గోదావరి వైపు కిటికీ దగ్గర ఎవరూ కూర్చోని బల్ల ఒకటి ఉంది. దాని మీద నుంచి చెక్కను చెక్కతో కొట్టినట్టు రెండు దెబ్బలు, ఆగి మరొకటి వినిపించాయి.

దానికి ముందు బల్ల మీద భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన సాంబశివరాజు గారు కూర్చుని ఉన్నారు. రొయ్యల చెరువులు కొడుకులకు అప్పగించి, కాలక్షేపం కోసం చేరిన పెద్దమనిషి. వెనక్కి తిరిగి చూసి, "ఎవరండీ అది? మా చెరువు కాపలావాడు కూడా ఇంత చురుగ్గా పలకడండి" అన్నారు. అందరూ నవ్వారు. ఒక్క రత్తమ్మ గారు లేచి నిలబడి కిటికీలోంచి నది వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ సాయంత్రమే ఆమె మనవరాలి ఫోన్ తీసుకుని మరిదితో మాట్లాడారు. కర్మ ఊసు ఇక ఎత్తవద్దని, మీ అన్న పలుకుతున్నాడని చెప్పారట. వదినకు మతి చలించిందేమోనని అతడు నాగదుర్గతో అన్నాడట. కాని చాలా కాలానికి ఆమె ముఖంలో నవ్వు కనిపించిందని, కూరలో ఉప్పు కూడా సరిపోతోందని సాయిదుర్గ మాకు చెప్పింది.

తరువాతి వారం పేరు పిలిచినప్పుడు ఆ దెబ్బలు ఒక వరుస ముందుకు వచ్చి వినిపించాయి. వానాకాలపు చెమ్మకు పాత చెక్క బిగుసుకుని అలా మోగుతుందని సిస్టర్ అభిప్రాయపడ్డారు. ప్రసన్నకుమార్ వెనుక బల్లలన్నీ తీయించి ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆ పై వారం పేరు పిలవగానే ప్లాస్టిక్ కుర్చీల నడుమ నుంచి, మునుపటి వలెనే, చెక్క చప్పుడు వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దూరపు చూపు తగ్గిందని చెప్పి సాంబశివరాజు గారు మొదటి వరుసలోకి మారారు. ఆయనను ఎవరూ ఆటపట్టించలేదు.

ఆ పేరు తీసివేద్దామా అని సిస్టర్ రత్తమ్మ గారిని పక్కకు పిలిచి అడిగారు. నేను అక్కడే ఉన్నాను.

"తీసేయకండి సిస్టర్ గారూ. సగం దూరం వచ్చినోణ్ణి మంచులో వదిలేసినట్టు అవుద్దండి" అన్నారామె.

ఆ మాట విన్న తరువాత సిస్టర్ పేరు పిలుస్తూనే వచ్చారు. గొంతు మాత్రం తగ్గింది. పిలిచిన ప్రతిసారీ ఆ చప్పుడు రత్తమ్మ గారి కుర్చీకి దగ్గరయింది. తక్కినవారు ఎవరూ చెప్పకుండానే ఆమెకు ఒకవైపు దారి వదిలి కూర్చోవడం మొదలుపెట్టారు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మౌనధ్యానం జరుగుతోంది. కళ్లు మూసుకుని ముందు అన్నిటికంటే దూరపు శబ్దాన్ని, తరువాత దానికంటే దగ్గరి శబ్దాన్ని, చివరకు తమ ఊపిరిని వినవలసిందిగా సిస్టర్ సూచించారు. రైలు వంతెన మీద బండి పోతున్న చప్పుడు వినిపించింది. తరువాత నది మీద ఏదో ఇంజను. తరువాత గోడ మీద ఫ్యాను. ఎవరూ ఏ పేరూ పిలవలేదు. అయినా రత్తమ్మ గారి పక్కన, సరిగ్గా మోచేతి ఎత్తున, రెండు దెబ్బలు, ఆగి మరొకటి వినిపించాయి. గదిలో ఎవరూ కదిలిన అలికిడి లేదు. కళ్లు తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందరూ వెళ్లిపోయాక కూడా ఆమె కదలలేదు. సిస్టర్ వచ్చి ఎదుట కూర్చున్నారు.

"పొగమంచులో పడవ దగ్గరకొచ్చిందనుకోండి" అన్నారు రత్తమ్మ గారు. "తెడ్డు చప్పుడు కంటే ముందు తెడ్డేసేవాడి రొప్పు వినపడుద్దండి. మా ఆయనకి ఆయాసం. అల్లంత దూరాన్నుంచే తెలిసేదండి ఆయన ఊపిరి."

సిస్టర్ కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నారు.

"ఇవాళ నా మోచేతి పక్కన కొట్టారండి. ఊపిరి లేదు."

ఇన్నాళ్లూ ఆ చప్పుడు వింటూ ఆయన బతికే ఉన్నారనుకున్నానని, బతికున్న మనిషి రాజమండ్రిలో కుర్చీ మీద నుంచి ఎందుకు పలుకుతాడని తనకు తోచనే లేదని చెప్పారు. పడవ ఒడ్డుకు వచ్చేసిందని, తాను దిగమనే మాట అనడం కోసం ఆయన ఆగి ఉన్నారని కూడా చెప్పారు.

"అంటే దిగిపోతారు. అనకపోతే ఇలాగే నా పక్కన ఉంటారు. ఏం చెయ్యమంటారండి?"

"అది నేను చెప్పకూడదు రత్తమ్మగారూ" అన్నారు సిస్టర్. "సమాధుల పండుగ వస్తోంది. ఆ రోజు పొద్దున్న ఎవరి చనిపోయిన వాళ్లను వాళ్లు తలుచుకుంటారు. రావాలనిపిస్తే రండి."

ఆ తరువాతి తరగతులకు ఆమె వచ్చారు గాని నవ్వు లేదు. కూర్చునేటప్పుడు పక్క కుర్చీని కాస్త సర్దేవారు. ఒకసారి తన కొంగుతో దాన్ని తుడవడం చూశాను. ఆ మాట అనకుండా ఉండిపోతారనే నేను అనుకున్నాను. సాయిదుర్గ కూడా అలాగే అనుకుంది. అమ్మమ్మ ఇంట్లో రెండు కంచాలు పెడుతోందని, రెండోది తాకిన జాడ లేకుండానే చల్లబడిపోతోందని ఆ పిల్ల నాతో చెప్పి ఏడ్చింది.

సమాధుల పండుగ ఉదయం నది మీద నుంచి మంచు కమ్ముకుని వచ్చింది. ప్రార్థనాలయం మెట్ల మీద నిలబడితే గేటు కనిపించలేదు. హిందూ పెద్దలు కూడా చాలామంది వచ్చి వెనుక బల్లల మీద కూర్చున్నారు. రత్తమ్మ గారు పొడవాటి బల్లకు ఆ కొసన, మనవరాలిని అటువైపు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఈ కొసన కూర్చున్నాను. మా ఇద్దరి నడుమ చోటు ఖాళీ. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అయినా ఉప్పుగాలి వాసన వేసింది. ఇక్కడికి సముద్రం దగ్గర కాదు.

ఒక్కొక్కరూ లేచి తమవారి పేరు పలికి కొవ్వొత్తి వెలిగించి వచ్చారు. సాంబశివరాజు గారు వరలక్ష్మమ్మ అని తల్లి పేరు చెప్పి, రెండో మాట రాక కూర్చుండిపోయారు. రత్తమ్మ గారి వంతు వచ్చింది. ఆమె లేవలేదు. చేతిసంచిలోంచి పాత ఇత్తడి పళ్లెం, గరిటె బయటకు తీశారు. సాయిదుర్గ ఆమె చేయి పట్టుకుంది. మెల్లగా ఆ చేతిని విడిపించుకుని, పళ్లెం మీద ఒక్కసారి కొట్టారు.

బదులు వెంటనే వచ్చింది. రెండు దెబ్బలు, ఆగి మరొకటి. అది మా ఇద్దరి నడుమ ఖాళీ చోటు నుంచే వచ్చింది. దెబ్బకు అదిరిన చెక్క నా తొడకు తెలిసింది. ఆ తరువాత బల్ల నడుమ భాగం, బరువైన మనిషి ముందుకు జరిగి కూర్చున్నట్టు, కిర్రుమని కిందికి వంగింది.

రత్తమ్మ గారు ఆ ఖాళీ వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. ఏదైనా కనిపించిందో లేదో తరువాత ఎన్నడూ చెప్పలేదు.

"దిగయ్యా" అన్నారు. "ఒడ్డొచ్చింది."

పడవ ప్రయాణం చేసినవారికి తెలుస్తుంది. మనిషి దిగగానే పడవ ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ బల్ల అలాగే లేచింది. ఆ కొసన సాయిదుర్గ తుళ్లిపడడం నేను చూశాను గనుక ఇది నా భ్రమ కాదని చెప్పగలను. ఉప్పువాసన క్రమంగా తగ్గిపోయింది. తలుపు ఎవరూ తీయలేదు. కొవ్వొత్తుల మంటలు మాత్రం అన్నీ ఒక్కసారి తలుపు వైపు వంగి, మళ్లీ నిటారుగా నిలిచాయి.

ప్రార్థన ముగిసి జనం కదిలిన తరువాత ఆ ఖాళీ చోట అరచేయి ఆనించి చూశాను. చెక్క పొడిగానే ఉంది. చేతికి ఇసుక అంటుకుంది.

బయట మెట్ల మీద రత్తమ్మ గారు మనవరాలి ఫోన్ అందుకున్నారు. అవతల మరిది ఏదో అడుగుతూ ఉండగా, అతని మాట పూర్తి కానిచ్చి, నెమ్మదిగా చెప్పారు.

"కర్మకి రోజు చూడు వీరాస్వామీ. మీ అన్న ఇంటికొచ్చాడు."