హైరమ్ పిస్తోలుకు కొత్త పిడి

మా కెంటకీ కొండల్లో తండ్రి తుపాకి పెద్దకొడుక్కే వెళుతుంది. ఎవరూ కాగితం రాయరు, ఎవరూ అడగరు. అందుకే హైరమ్ ముసలాయన కన్నుమూసే ముందు తన సైన్యపు పిస్తోలును కూతురు డెల్ఫీ చేతిలో పెట్టాడని తెలిసినప్పుడు, చర్చి మెట్ల మీద అందరి చూపూ కొడుకు థర్మన్ ముఖం మీదికే పోయింది. థర్మన్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను తల వంచుకున్నాను. ఆ వారం ప్రార్థనలో, పేరు చెప్పకుండా, అతని కోసం అడిగాను.

థర్మన్ బొగ్గు లారీ నడుపుతాడు. సెలవు దొరికితే ఇంటి వెనక కొట్టంలో ఊళ్లోవాళ్ల పాత తుపాకులు బాగుచేస్తాడు. మాలాంటి ఒంటరి ఆడవాళ్ల తలుపు గొళ్లేలు కూడా అడక్కుండానే సరిచేసి వెళ్లే మనిషి. ఒకరి సొమ్ము మీద కన్నువేయడం అతనిలో నేనెప్పుడూ చూడలేదు.

డెల్ఫీ పిస్తోలును దిండు గలీబులో చుట్టి అతని దగ్గరికే తెచ్చింది.

"అన్నయ్యా, తుప్పు పట్టింది. పిడి చెక్కలు పగిలాయి. కొత్తవి చెయ్యవూ?"

"నీదేగా. గిన్నెలు తోముకున్నట్టు నువ్వే తోముకో."

"తోమితే నాన్న బొటనవేలికి అరిగిన చోటు పోతుందని నువ్వేగా చెప్పావు!"

థర్మన్ ముఖం ముడుచుకున్నాడు. కానీ తీసుకున్నాడు.

ఇక ఆ కొట్టంలోంచి బయటికి వస్తే ఒట్టు. విడదీసిన ముక్కలను నూనెలో నానబెట్టాడు. తుప్పును గుడ్డతో కొద్దికొద్దిగా తీశాడు. బలహీనపడిన స్ప్రింగు మార్చాడు. తండ్రి వేలు అరగదీసిన చోటుకు మాత్రం, తుప్పు రాకుండా ఇనుముకు వేసే నీలిపూత తగలనివ్వలేదు. "ఏమయ్యా, పెళ్లయిన ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా ఇంత మురిపెంగా చూశావా?" అని భార్య వెర్నా ఎగతాళి చేసేది.

మావాళ్లు పిడి చెక్కేటప్పుడు ముందు సొంతదారు చేత తడి మట్టిముద్దను పిడికిట బిగింపజేస్తారు. ఆ అచ్చు చూసుకుంటూ చెక్కను చెక్కుతారు. నేను మొక్కజొన్న రొట్టె ఇవ్వడానికి వెళ్లిన రోజున ముద్ద బల్ల మీద ఆరుతోంది. వేళ్ల గుర్తులు పారపిడంత లావు.

"ఇది డెల్ఫీ చెయ్యేనా, థర్మన్?"

"రొట్టె అక్కడ పెట్టి వెళ్లు వదినా," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక డెల్ఫీ వచ్చింది. అక్రోటు చెక్క తేనెలా మెరుస్తోంది. వెర్నా, నేను గుమ్మంలో నిలబడ్డాం. తూటాలు లేవని చూసుకుని డెల్ఫీ పిడి పట్టుకుంది. వేలు ట్రిగ్గరుకు అందలేదు. మార్చి పట్టుకుంది. అయినా అందలేదు.

"ఎవరి చేతికి చేశావు అన్నయ్యా?"

"నీ చెయ్యే చిన్నది."

"నీకు తెలీదా? ఈ చెయ్యి పట్టుకునేగా నన్ను బడికి తీసుకెళ్లావు!"

థర్మన్ చెవులు కందిపోయాయి. "పట్టు కుదరకపోతే నాకే వదిలేస్తావనుకున్నా," అన్నాడు చివరికి.

"వదలను. నాన్న నాకిచ్చాడు."

"అదే ఎందుకని? కొడుకును నేనుండగా నీకెందుకు?"

"శనివారం శనివారం నాన్నా నేనూ గురి చూసి కాల్చడానికి దొడ్లో డబ్బాలు పేర్చేవాళ్లం. నాన్న చేతులు వణికితే నేను వెనకనుంచి మోచేతులు పట్టుకునేదాన్ని. ప్రతిసారీ రోడ్డు వైపు చూసేవాడు, నీ లారీ వస్తుందేమోనని. నువ్వు రాలేదు. అంతే."

వెర్నా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. థర్మన్ పిస్తోలు అందుకుని, పిడి చెక్కలు ఊడదీసి, బల్లకు బిగించాడు. గోడనున్న ఆకురాయి తీశాడు. అంత నునుపుగా మెరుగుపెట్టిన చెక్క మీద ఆకురాయి గరగరలాడుతుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. కొంత తీసి, బిగించి, ఆమెకిచ్చాడు.

"ఊఁ, పట్టుకో."

"ఇంకొంచెం లావుంది."

"ఇంకా ఎంత తియ్యను? ఇది చెయ్యా, కోడికాలా?" అన్నాడు కోపంగా. కళ్లు తుడుచుకుని మళ్లీ విప్పాడు.

ఈసారి ఆమె వేలు అందింది. కిటికీలోంచి కనబడే చెట్టు మొదలుకేసి గురి చూసి, తృప్తిగా తల ఊపింది. థర్మన్ ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాడు, తన అరచేతిలోని చెక్కపొడిని నలుపుకుంటూ. ఆ చూపులో కుళ్లు పోలేదు.

"పై శనివారం డబ్బాలు ఎన్నింటికి?" అని అడిగాడు.